చింతపండుకు దొరకని రూపాయి

రెండు వేల ఇరవై రెండు, వానకాలం చివర. కరీంనగర్ టవర్ సర్కిల్ వెనక సందులో, మెట్ల కింద నా దుకాణం. దుకాణమంటే ఒక బల్ల, ఒక భూతద్దం, ఒక దీపం, ఒక కంప్యూటర్. పాత నాణేలకు ఫొటోలు తీసి ఆన్‌లైన్ వేలంలో పెడతాను. అమ్ముడుపోతే నాకు కొంత కమిషన్. మా ఆవిడ నన్ను చిల్లర మనిషి అంటుంది. వృత్తిరీత్యా కాదనలేను.

ఆ రోజు ఇచ్చోడ నుంచి యమునాబాయి వచ్చింది. బట్టలు కుట్టే మనిషి. కాళ్లతో తొక్కే మిషన్ మీద ఇరవై ఏళ్లు కుట్టి మోకాళ్లు అరగదీసుకుంది. కొంగు ముడి విప్పి నిజాం కాలపు వెండి రూపాయి ఒకటి బల్ల మీద పెట్టింది.

"మా అవ్వ ఇచ్చిందన్నా. దీన్ని అమ్మి కరెంటు మిషన్ కొందామని. డాక్టరు ఇగ తొక్కద్దన్నడు. తొక్కకుంటే కుట్టుడెట్ల?"

భూతద్దం కింద పెట్టి దీపం దగ్గరకు లాక్కున్నాను. అంచున పసుపు, లోపలికి వస్తే గులాబీ, ఆపైన నెమలి నీలం. నడుమ చార్మినార్. వాన వెలిసిన సాయంత్రం మానేరు డ్యాం నీళ్లను ఎవరో గుండ్రంగా కత్తిరించి ఇచ్చినట్టుంది. దీన్ని మా పనిలో టోనింగ్ అంటారు. గుడ్డలోనో పెట్టెలోనో ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న వెండికి గాలి తనంతట తాను వేసే రంగు. అది మనిషి వేస్తే రాదు. సేకరించేవాళ్లు రూపాయి కన్నా ఆ రంగుకే ఎక్కువ పెడతారు.

ఫొటోలు తీసి నాణెం ఆమెకే తిరిగి ఇచ్చాను. అమ్ముడుపోయేదాకా ఎవరి వెండి వారింట్లోనే ఉండాలన్నది నా పద్ధతి. నా దుకాణం తాళం గట్టిగా దగ్గితే ఊడుతుంది. "పైలంగ ఉంచు అక్కా" అని మాత్రం చెప్పాను.

వేలంలో పుణె పెద్దాయన ఒకరు, ఎవరు ఎంత బిడ్ పెట్టినా దాని మీద ఇంకొంత పెంచి, చివరికి గెలిచారు. బిడ్ అంటే పాట. ఆ పాటకు కరెంటు మిషన్ ఖాయంగా వస్తుంది. కబురు పంపితే యమునాబాయి మర్నాడే వచ్చింది. కొంగు ముడి విప్పింది. నా కళ్లు జిగేల్‌మన్నాయి.

"అక్కా, ఏం జేసినవే?"

"కడిగిన. చింతపండు వెట్టి, పీచుతోని. లచ్చిమి పరాయి ఇంటికి పోతాంది, మురికితోని పంపుతరా? గా ఇల్లు మంచిగుండద్దా?"

"మురికి కాదే! గా మరకలకే పైసలు!"

ఆమె నన్ను జాలిగా చూసింది. "మరకలకు పైసలిస్తరా? మరి ముందుగాల చెప్పద్దా? మా ఇంట్ల గిన్నెలన్ని తెస్తుంటి గద."

నవ్వాను. నవ్వుతూనే కొత్త ఫొటోలు తీసి పుణెకు పంపాను. పెద్దాయన మర్యాదగా వద్దన్నారు. ఫొటోలో సాయంత్రాన్ని చూపించి మిట్టమధ్యాహ్నాన్ని అమ్మలేం కదా. కడిగిన రూపాయికి వెండి ధర కన్నా పెద్దగా రాదని చెప్పాను. యమునాబాయి చేయి తనకు తెలియకుండానే మోకాలి మీదికి పోయింది.

లేచేటప్పుడు అంది. "దీని జోడు ఇంకొక్కటున్నదన్నా. గదే డబ్బల, గదే గుడ్డల. అది గూడ గిట్లనే మరకలు మరకలు."

నా గుండెకే టోనింగ్ ఎక్కింది. కడగద్దని చెప్పే పంపాను. అయినా మనసు ఒప్పక మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాను. "అక్కా, నేనే వస్తున్న. దాన్ని ముట్టకు!"

"ముట్ట తియ్ అన్నా. చింతపండు మాత్రం నానేసిన."

అంత పరేషాన్‌తో నేనెన్నడూ బస్సెక్కలేదు. నిర్మల్‌లో మారి ఘాట్ ఎక్కుతుంటే టేకు చెట్ల మీద తెల్లటి పూత, దాని మీద మంచు. కొండలు ఒకదాని వెనక ఒకటి నీలంగా, ఇంకా లేత నీలంగా. ఆ రంగులన్నీ ఏ గుడ్డలో చుట్టి పెడితే వచ్చాయో అనుకుంటూ, కళ్లు మూసుకున్నప్పుడల్లా గిన్నెలో నానుతున్న చింతపండు కనిపించి ఉలిక్కిపడ్డాను.

ఇచ్చోడలో ఆమె ఇంట్లో గిన్నె గిన్నెలాగే ఉంది. రూపాయి గుడ్డలోనే ఉంది. మొదటిదానికి నిజంగానే జోడు.

"కడగకుంట గడప దాటియ్యనన్నా" అంది యమునాబాయి. "మిషన్ రాకున్న మంచిదే. పాసి వస్తువ ఇచ్చి ఒకలింటికి కీడు చెయ్య."

కడిగితే మిషన్ రాదు. కడగకపోతే రూపాయి రాదు. ముందు చింతపండుకు అందకుండా పెడదామని సంచిలోంచి ఫ్లిప్ తీశాను. నాణేన్ని పెట్టే పారదర్శకమైన చిన్న సంచి అది. ఆమె దాన్ని వేళ్లతో నలిపి, కుట్టు చూసి, తిరగేసింది.

"గిది దీనికి అంగీ లెక్కనా?"

"అంతే అక్కా."

"ముందే చెప్పద్దా? మాసిన మనిషిని పీచుతోని తోముతమా, అంగీ ఉతుకుతమా? అంగీ ఉతికి తొడిగితే అయిపాయె!"

ఖాళీ ఫ్లిప్‌ను చింతపండు నీళ్లలో శుభ్రంగా ఉతికి, మంచినీళ్లలో జాడించి, నూలు గుడ్డతో తడి లేకుండా ఒత్తి, ఎండలో పెట్టింది. అది ఆరేదాకా ఇద్దరం కాపలా కూర్చున్నాం. రూపాయిని అంచులు పట్టుకుని నేను లోపల పెట్టాను. ఆ సంచి పైన ఆమె కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టింది. మిగిలిన చింతపండుతో చారు కాచింది. ఆ చారు రుచి ఇప్పటికీ గుర్తుంది. నా ప్రాణం నిలిపిన చారు కదా.

రెండో వేలంలోనూ పుణె పెద్దాయనే గెలిచారు. "ఆ ఎర్ర చుక్క నాణెం మీదిదా?" అని ఫోన్‌లో అడిగారు. అంగీ మీదిదని చెప్పి, ఉతుకుడు కథంతా వినిపించాను. అంతా విని, "తుడవకుండా పంపండి" అన్నారు.

అప్పటినుంచి ఎవరు నాణెం తెచ్చినా కడగవద్దని చెప్పి ఊరుకోను. "ఇంట్లకెల్లి పంపేముందు మీరేం జేస్తరు?" అని అడుగుతాను. ఒక్కో ఇంటికి ఒక్కో తీరుంటుంది. భూతద్దం పక్కన ఇప్పుడు కుంకుమ భరిణె, కొన్ని ఉతికిన ఫ్లిప్పులు ఉంటాయి. నాణెం నాణ్యం చూడటం నాకు ముందే తెలుసు. అది వదిలి వస్తున్న ఇంటిని చూడటం యమునాబాయి దగ్గర నేర్చుకున్నాను.

కొన్నాళ్లకు ఆమె ఫోన్ చేసింది. వెనక కరెంటు మిషన్ సన్నగా, తుమ్మెదలా పాడుతోంది.

"మంచిగ నడుస్తాందా అక్కా?"

"మంచిగనే ఉన్నదన్నా. గని కుట్టేటప్పుడు గీ కాళ్లు ఏడ వెట్టుకోవాల్నో సమజయితలేదు."