వ్యానుకు శాశ్వత నాయకుడు

ఆ రోజుల్లో, అంటే మలేషియాలోని క్లాంగ్‌లో నేను ఉద్యోగానికి కొత్తగా చేరినప్పుడు, మా ఫ్యాక్టరీ వ్యానులో ఉన్నవి ఇవి: అయిదుగురు మనుషులు, ఒక గొడుగు, రోజూ ఒక ఎన్నిక. మనుషులు: వ్యాను నడిపే, సుంగై సిపుట్ ఊరి మామయ్య, ప్యాకింగ్ సెక్షన్ అక్క, మెషిన్ షాపు అన్నదమ్ములిద్దరు, గుంటూరు నుంచి దిగిన ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరునైన నేను. ఎన్నిక: ఏ దారిలో వెళ్ళాలి, ఏ కొట్టు దగ్గర తినాలి. చేతులెత్తడం, దెప్పుకోవడం, మళ్ళీ ఎత్తడం. సగటున ఏడు నిమిషాలు (వారం పాటు వాచీ పెట్టి కొలిచాను).

అందరికంటే ఎక్కువ లెక్క తెలిసినవాడే నిర్ణయిస్తే సరిపోదా అనిపించింది. మూడు నిబంధనలు టైపు చేసి తెచ్చాను. ఒకటి, నాయకుడు ఒక్కడే. రెండు, దారి గురించీ తిండి గురించీ మిగతావాళ్ళు మాట్లాడకూడదు. మూడు, నాయకుణ్ణి మార్చడం: వర్తించదు. "నాయకుడెవురు?" అంది అక్క. నేను వినయంగా తల వంచుకున్నాను. "ఆడి సరదా తీరనీండి లా," అన్నాడు మామయ్య (ఇక్కడ చివర 'లా' తగిలించకపోతే మాట పూర్తయినట్టు కాదు).

మూడు వారాలు వ్యాను నిశ్శబ్దంగా నడిచింది. అందరూ తృప్తిగా ఉన్నారనుకున్నాను. నాలుగో సోమవారం నా దారిలో రోడ్డు తవ్వేసి, అడ్డంగా కంచె పెట్టి ఉంది. అక్కకు అప్పటికే రెండు ఆలస్యాలు. మూడోది పడితే రాత్రి షిఫ్టుకు మార్చేస్తారు.

"మామయ్యా, ఇది ముందే తెలుసా?"

"తెల్సురా. నిన్ననే సూసినాను. నోరిప్పొద్దని రాసినావు కదా."

"ఉత్త రోడ్డేనా?" అంది అక్క. "నీ రోటీ చనాయ్ పరోటాల కొట్టులో పప్పు పులిసిపోతా పది దినాలయినాది. నువ్వొక్కడివే లొట్టలేసినావు. ఇప్పుడేటి సేస్తావో సెయ్యి, నా షిఫ్టు పోద్ది!"

కొలిమి వేడిని చూపే తీగను నేనే పీకేసి, వేడి సరిగ్గానే ఉందని మురిసిపోయానన్నమాట. ఫ్యాక్టరీలో ఇంకెవరైనా ఆ పని చేసి ఉంటే నేనే ఫిర్యాదు రాసేవాణ్ణి.

"రాజీనామా చేస్తున్నాను," అన్నాను.

అన్నదమ్ముల్లో పెద్దవాడు జేబులోంచి నా కాగితం తీసి, తాపీగా చదివాడు. "మూడోది. వర్తించదు."

"అయితే ఓటు పెట్టండి!" అని అరిచాను.

మామయ్య ఒక చెయ్యెత్తి, రెండో చేత్తో స్టీరింగు పామాయిల్ తోటల వైపు తిప్పేశాడు. అక్క టైముకు రెండు నిమిషాల ముందే ఫ్యాక్టరీ గేటు దాటింది.

పెద్ద పెద్ద దేశాలను ఒంటిచేత్తో నడిపేవాళ్ళకు పప్పు పులిసిన సంగతి ఎవరు చెబుతారా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. మా వ్యానులో రోజూ ఏడు నిమిషాలు పోతూనే ఉన్నాయి. వాచీ చూడటం మానేశాను. ఆ కాగితం మాత్రం దాచుకున్నాను. వెనక పెన్సిలుతో ఆనాటి ఫలితం ఉంది. నాయకుణ్ణి దింపడానికి అనుకూలం: అయిదు, నాది కలిపి.