పదిహేడు నీళ్లు కడిగిన పొడి

బొగ్గును పాలతో కడిగినా తెల్లబడదంటారు. నేను పాలలాంటి పొడిని కడిగి కడిగి ఒక మనిషి బతుకును బొగ్గు చేశాను. నవ్వుకోండి, మీకేం పోయింది. పోయింది యాదన్నది.

ఊళ్లో కుర్రాళ్లంతా జావా నేర్చుకోవడానికి అమీర్‌పేట బస్సెక్కుతున్న రోజులవి. కెమిస్ట్రీ చదివిన పాపానికి నేను మొయినాబాద్‌లో, యాదన్న పొలంలోని రేకుల షెడ్డులో, గట్టి పింగాణీలో వాడే జిర్కోనియా అనే తెల్లటి పొడి చేసేవాణ్ణి. క్లోరైడు ద్రావణంలో అమ్మోనియా పోస్తే తెల్లటి ముద్ద పేరుకుంటుంది. దాన్ని క్లోరైడు, అంటే ఉప్పు అంశ, పోయేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. లేదంటే బట్టీలో గడ్డకడుతుంది. కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడకూడదు, తెల్లబడితే క్లోరైడు ఇంకా ఉన్నట్టే. అంతే విద్య.

ఒక కంపెనీ నమూనా అడిగింది. నచ్చితే షెడ్డు నిలుస్తుంది, లేకపోతే అప్పుకింద పొలం ఫాంహౌస్ వాళ్ల పాలవుతుంది.

"చేవెళ్ల పోయి డిస్టిల్డ్ నీళ్ల క్యాన్లు తెచ్చినవా తమ్మీ?" అని యాదన్న అడిగాడు.

"తెచ్చిన అన్నా."

తేలేదు. ఆ పొద్దు నేనూ దొంగతనంగా జావా క్లాసుకు వెళ్లాను. క్యాన్లలో మా బోరు నీళ్లు నింపాను. పట్నం చుట్టాలు సీసాల్లో పట్టుకుపోయేంత తియ్యటి నీళ్లు మరి!

కడిగాను, చుక్క వేశాను, తెల్లబడింది. మళ్లీ కడిగాను, మళ్లీ తెల్లబడింది. నేను పారబోసిన నీళ్లు మళ్లిస్తే గండిపేట అలుగు దూకేది. ఏడోసారికి యాదన్న భార్య మణెమ్మ వదిన వచ్చింది.

"బియ్యం మూడు నీళ్లకే తేటగైతయి. నీ పిండికేమైంది?"

"మొండి పిండి వదినా."

"పిండి మొండిదా, కడిగెటోడా?"

పదిహేడో నీళ్లకు సగం పొడి మోరీలో కలిసింది. అప్పుడు యాదన్న, కెమిస్ట్రీ ముక్క రాని మనిషి, చుక్కను నేరుగా క్యాన్ నీళ్లలో వేశాడు. పాలలా తెల్లబడింది.

"ఉప్పును ఉప్పునీళ్లతోని కడుగుతున్నవు గద తమ్మీ" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

తెల్లారితే కంపెనీ ఆయన వస్తాడు, మళ్లీ చేసే వ్యవధి లేదు. మిగిలిందే కాల్చి పెట్టాం. ఆయన వేళ్ల మధ్య నలిపి, "పొడి అడిగితే కంకర ఇస్తున్నరేంది?" అన్నాడు.

పొలం పోయింది. నాకు మాత్రం సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది, పరుల తప్పులు పట్టే పని. కొన్నేళ్లకు మా ఆఫీసు అందరినీ ఒక రిసార్టుకు తీసుకెళ్లింది. షెడ్డు ఉన్నచోటే ఈతకొలను. గట్టు మీద క్లోరిన్ డబ్బాతో కాపలాదారు యాదన్న. చిన్న గాజుగొట్టంలో కొలను నీళ్లు పట్టి, చుక్క వేసి చూస్తున్నాడు.

"దిగు తమ్మీ" అన్నాడు. "అప్పుడు క్లోరిన్ పోవాలంటివి. ఇప్పుడది పోకుంట చూసుడే నా నౌకరి."

అందుచేత మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ నీళ్లనైనా చుక్క వేసి చూడందే ముట్టను. ఆ కొలను నీళ్లను ఆయన చూసే ఉంచాడు, అయినా నేను దిగలేదు, అది ఆయన పొలం.