అబుదాబికి వెళ్ళని గోల్‌కీపర్

మా కుమరేశన్ బావ గురించి కోవిల్‌పట్టిలో ఎవరినడిగినా రెండు మాటలు చెప్పేవారు. మంచు మీద ఆడే హాకీలో ఇండియాకు గోల్‌కీపర్‌గా నిలబడ్డాడన్నది మొదటిది. నిలబడ్డాడు గానీ ఆపలేదన్నది రెండోది. మొదటిది గొంతెత్తి చెప్పేవారు, రెండోది గొంతు తగ్గించి. పదహారేళ్ళు ఈ రెండు మాటలూ జోడెద్దుల్లా అతని వెంట తిరిగాయి. రెండూ అబద్ధాలే. ఆ సంగతి నాకు పోయిన ఆగస్టులో తెలిసింది, అదీ రైల్లో.

బావ మా మేనత్త కొడుకు. నాకంటే మూడేళ్ళు పెద్ద. మా చెల్లెలు సెల్విని చేసుకున్నాడు కాబట్టి అన్నివిధాలా బావే. కోవిల్‌పట్టికీ ఏళాయిరంపన్నైకీ నడుమ నల్లరేగడిలో మా పల్లె, తమిళనాడే గానీ మా ఇళ్ళలో మాట తెలుగే. మా వైపు మగపిల్లాడికి నడక వస్తే చాలు, చేతికి హాకీ కర్ర వస్తుంది. బావ మనిషి పొడుగు, చేతులు ఇంకా పొడుగు. గురుసామి సార్ చూసి గోల్‌లో నిలబెట్టారు.

గురుసామి సార్ పగలంతా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి సాయంత్రానికి మైదానంలో ఉండే మనిషి. ఊళ్ళో మంచి గోల్‌కీపర్లందరూ ఆయన చేతికింద పెరిగినవాళ్ళే. ఆయన పాఠం ఒకటే. కీపరు గీత మీదే పాతుకుపోకూడదు, ముందుకు ఉరికి కొట్టేవాడికి గోల్ కనబడకుండా చెయ్యాలి. బావకు అది బాగా ఒంటబట్టింది. ఆ ఆట చూసే సైన్యంలోకి తీసుకున్నారు.

సైన్యం అతన్ని లడాఖ్‌లోని లేహ్‌కు పంపింది. అక్కడ చలికాలంలో ఒక ఆఫీసరు అందర్నీ వరసలో నిలబెట్టి, హాకీ వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి అన్నారట. కోవిల్‌పట్టివాడు ఎత్తకుండా ఉంటాడా? అందరికంటే ముందు ఎత్తాడు. తీసుకెళ్ళి గడ్డకట్టిన చెరువు మీద దింపారు. బూట్ల కింద ఇనప కత్తులు. బంతి లేదు, నల్లటి రబ్బరు బిళ్ళ ఉంది. మా బావ అప్పటిదాకా మంచుగడ్డను చేపల బండిలో చూశాడు తప్ప కాలు మోపి ఎరగడు. మొదటిరోజు ఎన్నిసార్లు పడ్డాడో లెక్కపెట్టినవాళ్ళు విసుగెత్తి మానేశారట. కదలడం రానివాడికి గోలే గతి అని గోల్‌లో పెట్టారు. ఆలోచించకుండా చెయ్యెత్తితే ఇంతే మరి.

కానీ మొండివాడు, వదల్లేదు. రెండు చలికాలాలకు నిలబడ్డాడు, మూడో చలికాలానికి ఆపాడు. 2009లో ఇండియా మగవాళ్ళ జట్టు మొట్టమొదటిసారి బయటి దేశానికి, అబుదాబికి పోయి ఆడబోతోందనగా, అభ్యాసం చేసే క్యాంపుకు అతన్నీ పిలిచారు. క్యాంపులో ఉన్నానని ఫోన్లో వాళ్ళ నాన్నకు చెప్పాడు. మా రామచంద్రన్ మామ ఆ క్యాంపు అన్న ముక్క మింగేసి, నా కొడుకు ఇండియాకు ఆడుతున్నాడని ఊరంతా చెప్పాడు. చెప్పడమేకాదు, ఇంటింటికీ వేరుశెనగ మిఠాయి పంచాడు.

అబుదాబిలో జట్టు ఓడింది. అదీ చిన్న తేడాలతో కాదు. పేపర్లో నాలుగు లైన్లు పడ్డాయి. పేర్లు లేవు, ఓటమి ఉంది. మొత్తం ఎన్ని గోల్స్ పడ్డాయన్నది ఏ టీకొట్టులో విన్నామన్నదాన్ని బట్టి మారేది.

హాకీ ఊళ్ళో అది చిన్న సంగతి కాదు. ఎవరూ అతన్ని తిట్టలేదు, తిట్టినా బాగుండేది. జాలిపడ్డారు. గురుసామి సార్ మాత్రం ఆ తర్వాత గోల్‌కీపర్లకు నేర్పడం మానేశారు. మైదానానికి వచ్చేవారు, మిగతా పిల్లలకు నాలుగు మాటలు చెప్పేవారు, గోల్ వైపు చూసేవారు కాదు. బావ సెలవులకొచ్చి ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవారు. శిష్యుడి మీద ఇంత కోపమా అని మాకందరికీ అనిపించింది. బావ కూడా కోపమనే అనుకున్నాడు.

సైన్యం నుంచి వచ్చేశాక విరుదునగర్‌లో ఒక పప్పుల మిల్లు గేటు దగ్గర కాపలా పనిలో చేరాడు. నేనూ అక్కడే మిరపకాయల మండీలో పనిచేస్తాను. పొద్దున రైల్లో ఇద్దరం కలిసి పోతాం. దారి పొడుగునా అతను ఫోన్లో మంచు హాకీ కబుర్లే చూస్తాడు. మగవాళ్ళు అబుదాబి తర్వాత మూడేళ్ళకు మకావు మీద సాధించిన తొలి గెలుపు, ఆడపిల్లల జట్టు 2016లో మొదలుపెట్టి దెబ్బలు తిని, మరుసటేడే ఫిలిప్పీన్స్ మీద నాలుగుకు మూడుతో గెలవడం, అన్నీ అతనికి కంఠతా వచ్చు. పెళ్ళిరోజు మాత్రం గుర్తుండదని సెల్వి ఫిర్యాదు. 2025 జూన్‌లో ఆడపిల్లలు ఆసియా కప్పులో కంచు పతకం తెచ్చిన రోజున సాత్తూరు స్టేషన్లో దిగి, పెట్టెలో ఉన్న మా అందరికీ టీ తెచ్చిచ్చాడు.

అది చూసి నాకు బుద్ధి పుట్టింది. హాకీ క్లబ్బు ఆగస్టు మీటింగులో, ఈసారి క్రీడల దినానికి మా బావకు శాలువా కప్పుదాం అన్నాను. పతకం వచ్చిన వేళ పాత ఓటమి ఎవరు తవ్వుతారు? అందరూ సరేనన్నారు. మర్నాడు రైల్లో ఆ మాట చెప్పాను. అతను చూస్తున్న ఫోన్ పక్కన పెట్టేశాడు.

"ఎవుర్ని అడిగి నా పేరు సెప్తివి రా?"

"ఎవుర్ని అడగాల? నీకు మంచిదే కదా బావా."

చుట్టూ అందరూ తమిళంలో మాట్లాడుకుంటున్నారు. ఇంటి భాష వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని బావ ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మాధవా, నేను అబుదాబికి పోలేదు రా."

"పోలేదంటే?"

"ఆకరి పేర్లలో నా పేరు లేదు. క్యాంపులో ఉంటిని, అంతే దాన్. ఆ మాట నాయినకు సెప్పదామని పోన్ చేస్తిని. నేను నోరు తెరిసేలోపల ఆయనే సెప్పె. గురుసామి సార్ ఎన్నడూ లేనిది మనింటికొచ్చినారు, మన పీట మింద కూసోని కాపీ తాగినారు, నాకు కండ్లనీళ్ళు వచ్చె రా అని. ఇంక నేనేం సెప్పేది?"

కిటికీ వైపు తిరిగి మిగతాది చెప్పాడు.

"వాళ్ళు ఓడినాక నాయినే పోన్ చేసె. ఆ మంచులో ఎవుడు ఆపతాడు సామీ, నువ్వు కవలపడొద్దు అనె. నేను వదలని గోల్స్‌కు మా నాయిన నన్ను ఓదార్చినాడు రా. రెండేండ్లకు ఆయన పోయె. ఆయన పోయినాక ఆయన మాటను పొయ్యి అని ఎట్లంటాను?"

పొయ్యి అంటే మా ఇళ్ళలో అబద్ధం, కవల అంటే దిగులు. నాకు జాలి వేయాల్సిన చోట ఒళ్ళు మండింది.

"పదారేండ్లు టీకొట్టుల్లో నీకోసరం కొట్లాడినానే, ఆ గొంతు ఏం గావాల? ఎవురికీ సెప్పొద్దు. ఒంట్లో బాగలేదని ఇంట్లో పండుకో."

"లేదు. సార్ ముందర వరసలో కూసోనుంటారు. పోకుంటే ఇంగొక పొయ్యి. పోయి శాలువా కప్పుకుంటే ఆయన ముందర నేను మనిషినే కాదు. మైకులోనే సెప్పేస్తాను."

క్రీడల దినానికి ఇంకా నాలుగు రోజులుంది, ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సహించలేదు. ఊరి ముందు అతను పలచనైపోతాడు, సార్ ఇక ఎన్నటికీ అతని మొహం చూడరు, ఇదంతా తెచ్చిపెట్టినవాణ్ణి నేను.

క్రీడల దినం సాయంత్రం మైదానం నిండింది. గురుసామి సార్ ముందు వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నారు. క్లబ్బు సెక్రటరీ శాలువా విప్పాడు. బావ చేత్తో ఆపి మైకు తీసుకున్నాడు. తమిళంలోనే చెప్పాడు, చుట్టూ తిప్పకుండా చెప్పాడు. నేను ఇండియాకు ఆడలేదు, క్యాంపు దాకే పోయాను, మీరనుకున్నదాన్ని కాదనే ధైర్యం లేక ఇన్నేళ్ళు ఊరుకున్నాను, క్షమించండి.

నేను తలొంచుకున్నాను. అప్పుడు వెనక వరసలోంచి ఎవరో పెద్దాయన, "అప్పుడే అనుకున్నా, మన కీపరు అన్ని గోల్స్ వదిలేవాడు కాదని" అన్నాడు. పక్కన ఎవరో నవ్వారు. నవ్వు వరసలు దాటి వచ్చింది. చప్పట్లు కూడా మొదలయ్యాయి. అబద్ధమాడినందుకు కొడతారనుకుంటే, గోల్స్ మనవి కావని ఊరు ఊపిరి పీల్చుకుంది. జనాన్ని లోకువ కట్టడం నా జన్మలో అదే ఆఖరు అనుకున్నాను. నా గుండెల మీంచి మూట దిగింది.

బావ మాత్రం నవ్వలేదు. చెయ్యెత్తాడు.

"సంతోషపడకండి. పోయినవాళ్ళకు ఏడాదిలో రెండు నెలలు మించి మంచు దొరికేది కాదు. అవతలివాళ్ళు ఏడాదంతా ఆడేవాళ్ళు. ఓడతామని తెలిసే పోయారు. పేర్లలో నా పేరు లేదని తెలిసిన రోజు నేనేం చేశానో తెలుసా? హాయిగా నిద్రపోయాను. నాకు భయం వేసింది. ఇన్నేళ్ళూ సిగ్గుపడింది గోల్స్‌కు కాదు, ఆ నిద్రకు."

చప్పట్లు ఆగిపోయాయి. గురుసామి సార్ లేచారు. చేతికర్ర ఆనించుకుంటూ వేదిక దగ్గరికి వచ్చి, తమిళం వదిలేసి ఇంటి మాటలో అడిగారు.

"నువ్వు పోనే లేదా?"

"పోలేదు సార్."

"అయితే ముందరికి ఉరికి గోల్స్ పోగొట్టింది నువ్వు కాదా?"

బావకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. సార్ తనే విడమరిచి చెప్పారు.

"మంచు మింద ముందరికి పోతే యెనక్కి తిరగలేరు గదా. నా పాఠమే పిల్లోని కొంప ముంచె అనుకుంటిని. నిన్ను సూసే మొగం లేక పక్క సందులో పోతిని. ఇంగొక కీపర్‌కు నేర్పే దైర్యం రాలేదు నాయినా."

బావ వేదిక అంచున కూర్చున్నాడు. అప్పటికి ఇద్దరి మొహాలూ ఒక ఎత్తులోకి వచ్చాయి.

"సార్, ఆడ కూడా అదే నేర్పిస్తారు. కీపరు ముందరికి రావల్లనే సెప్తారు. నన్ను ఆ క్యాంపు దాకా తీసకపోయింది మీ పాఠం దాన్."

సార్ భుజాలు మెల్లగా కిందికి దిగడం నేను కళ్ళారా చూశాను. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, పదహారేళ్ళు చెయ్యని తప్పు మోశారు. మేం దానికి కోపమని పేరు పెట్టాం. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"మరి ఆడ నిలబడినోడు ఎవుడు?" అని అడిగారు సార్.

"క్యాంపులో నా పక్క మంచం పిల్లోడు సార్. లడాఖోడు. అంత ఓడి వచ్చి, మరుసటి సలికాలం మళ్ళీ దిగినాడు."

"వాని పోన్ నెంబరు ఉండాదా?"

"ఉండాది సార్."

"వానికి సెప్పు. నీ గోల్స్ కోవిల్‌పట్టిలో ఇద్దురం పదారేండ్లు మోసినాము, ఒంటిగా మోసినానని అనుకోవద్దు అని సెప్పు."

బావ తలెత్తి ఆయన్ని చూసి నవ్వాడు. హాకీ మాటకు అతను మనసారా నవ్వడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారని సెల్వి నా పక్కనే అంటోంది.