ఎర్ర ముక్కలన్నీ ఒక్క పక్కకు

మొన్న మా మనవరాలు తన ఆఫీసు రిపోర్టు తెచ్చి నా ముందు పెట్టి, ఎలా ఉందో చూడమంది. గారెలా నడుమ చిల్లున్న గుండ్రం, దానికి పన్నెండు రంగుల ముక్కలు, పక్కన చీమల బారులాంటి అక్షరాలు. నాలుగైదు ముక్కలు దాటితే ఏది పెద్దదో ఏది చిన్నదో కంటికి ఆనదనీ, ఒక జాతివన్నీ ఒక చోట చేర్చమనీ, గడియారంలో పన్నెండు ఉండే చోటు నుంచి పెద్ద ముక్కను మొదలుపెట్టమనీ చెప్పాను. అంతటితో ఊరుకోవలసింది. కానీ ఇన్ని ముక్కల గుండ్రం కనబడితే చాలు, ఏనాటిదో కసి నాకు గొంతు దాకా వస్తుంది. దాన్ని దాచుకునే వయసు దాటిపోయింది గనుక, నా ఈడువాళ్లయిన మీతోనైనా చెప్పుకుంటాను.

అరవైల నడుమ బోధన్ దారిలో ఒక చిన్న చెరుకు మిల్లు ఉండేది, ఇవాళ దాని ఆనవాలు కూడా లేదు. అందులో నేను పటాలు గీసే గుమాస్తాను. కంపాసు, కోణమాని, నీటిరంగుల బిళ్లలు, ఇవే నా ఆస్తి. ఒక్కో ముక్కకు ఇన్ని డిగ్రీలని కట్టి, అన్నీ కలిపితే మూడు వందల అరవై వచ్చేదాకా చెరిపి గీసేవాణ్ణి. కిందటి సీజనులో మిల్లు ఏయే కారణాల వల్ల ఎన్ని గంటలు ఆగిందో ఒక గుండ్రంలో చూపించి, కొత్త సీజను ముందు రైతుల సభలో వేలాడదీయడం అక్కడి ఆనవాయితీ.

యంత్రాల బాధ్యత మా పెద్దసారుది. ఆ యంత్రాలు నెలకు నాలుగుసార్లు మొండికేసేవి. ఆ సంగతి గుండ్రంలో కనబడకుండా ఉండటానికి ఆయన ఒక ఉపాయం చెప్పాడు. బాయిలరు ఒక ముక్క, రోలరు ఒక ముక్క, పంపు, బెల్టు, గొలుసు, ఇలా యంత్రాల లోపాలన్నీ ఏడు సన్నని ముక్కలుగా చీల్చి ఏడు రంగులు పూయాలి. రైతులు చెరుకు తేకపోవడం మాత్రం ఒకే ముక్కగా ఎర్రగా పూయాలి. అందులో ఒక్క అంకె అబద్ధం కాదు, అయినా గుండ్రం మొత్తం అబద్ధం. అది తెలిసే గీశాను, నౌకరీ పోతుందన్న భయంతో గీశాను.

సభలో పెద్దసారు కర్రతో ఆ ఎర్ర ముక్కను పొడిచి, మిల్లు ఆగిందంటే మీ వల్లేనన్నాడు. ఆ పైన రైతుల్లో కూర్చున్న మా బాపును లేపి నిలబెట్టాడు. కిందటి సీజనులో మా చెరుకు బండ్లు మిల్లుకు వెళ్లిన రోజే రోలరు విరిగింది. గేటు బయట మూడు రోజులు ఎద్దులు మేత లేక నిలబడి, చెరుకంతా బెండు బారితే బాపు వెనక్కి తోలుకొచ్చాడు. అదే పెద్దసారు పుస్తకంలో చెరుకు తేకపోవడం అయింది. వచ్చే సభ దాకా చూసి, ఇదే తీరైతే అగ్రిమెంటు రద్దు చేస్తానన్నాడు. అగ్రిమెంటు లేని చెరుకును ఏ మిల్లూ ముట్టదు, మాకు వేరే పంట లేదు. నేను బాపు కొడుకునని పెద్దసారుకు తెలుసు. ఆ మాట అంటూ నావైపే చూశాడు.

ఆ ఏడాదంతా నేను ఆ చూపును మోసుకు తిరిగాను. పెద్దసారు చాయ్ గ్లాసులో ఉమ్మాలని కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాను గాని చేతకాలేదు.

మరుసటి ఏడు మళ్లీ అవే ముక్కలు గీయమన్నాడు. గీశాను. కాకపోతే యంత్రాల ముక్కలు ఏడింటినీ పక్కపక్కనే పేర్చి, అన్నింటికీ ఒకే ఎరుపు పూసి, నడుమ వెంట్రుకంత గీతలు వదిలి, రైతుల ముక్కకు లేత పసుపు వేశాను. మిగతా రంగులు అయిపోయాయని చెప్పాను. పెద్దసారు విసుక్కుంటూ బల్ల మీద వేలు పెట్టి ముక్కలు లెక్కబెట్టాడు, పేర్లు చదివాడు, అన్నీ సరిపోయాయని సంతకం చేశాడు. దగ్గర నుంచి చూసేవాడికి గీతలు కనబడతాయి మరి.

షామియానా గుంజకు కట్టేసరికి గీతలు మాయమయ్యాయి. సగానికి మించి ఎరుపు! నిజామాబాద్ నుంచి వచ్చిన మిల్లు యజమాని కళ్లు చిట్లించి చూస్తున్నాడు. ముందు వరుసలోంచి ఒక ముసలి రైతు లేచాడు.

"గా ఎర్రది ఏందో జర సదివి చెప్పుండ్రి సారూ, మాకు అచ్చరాలు రావు."

పెద్దసారు చదవక తప్పలేదు. బాయిలరు, రోలరు, పంపు... ఒక్కో పేరుకూ గొంతు దిగిపోతుంటే జనం నవ్వారు. యజమాని ఆ చిన్న పసుపు ముక్కను చూసి, ఈ ఏడు ఎవరి అగ్రిమెంటూ రద్దు చేయొద్దన్నాడు. పెద్దసారు ముఖం పాలిపోయింది. నేను కళ్లార్పకుండా చూశాను, తృప్తిగా చూశాను, ఇప్పటికీ తలుచుకుంటే హాయిగానే ఉంటుంది.

ఆ సాయంత్రం తిరిగి వస్తుంటే బండి బాపే తోలాడు. ఆయన లెక్కలో నేను ఆఫీసులో చీటీలు రాసుకునేవాణ్ణి. సభలో కట్టే బొమ్మలు ఎవరు గీస్తారో ఆయన ఎన్నడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఊరి పొలిమేర దాటాక నెమ్మదిగా అన్నాడు.

"గీ బొమ్మ గీసినోని కడుపు సల్లగుండ. పోయినేడు గీసినోడు ఎవడో గాని, వాని చేతులు పడిపోను."

నేను ఎద్దుల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు ఆ పొలాల్లో చెరుకు లేదు, వరి వేస్తున్నారు. పెద్దసారూ పోయాడు, బాపూ పోయాడు. ఆ రోజుల్లో కోపం తీర్చుకోవడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. ఇవాళ మిగిలిన కోపమంతా ఆ మొదటి ఏడాది బొమ్మ గీసినవాడి మీదే, వాడెవడో చెప్పేందుకు బాపు లేడు.