క్యాలెండరు దేవుళ్ళతో పేకాట

మా ఆడబిడ్డ చెప్పే కథలో నేను మోసగత్తెను. సాత్తూరు నుంచి పుదూరు దాకా ఏ పెళ్ళికి వెళ్ళినా, ఆకులో సాంబారు పడేలోపే మొదలుపెడుతుంది: "మా రాజీ గుర్తులు పెట్టిన సీట్టు కట్టు (అదే, పేక) చేసి నాతో రమ్మీ ఆడింది!"

అబద్ధం. మోసం చెయ్యాలంటే తెలివుండాలి. ఆ రోజు నా దగ్గర అది చిటికెడు కూడా లేదని నిరూపించడానికే ఇది రాస్తున్నాను. చదివాక నన్ను దొంగ అనలేరు. ఇంకేమన్నా అనుకోండి, మీ ఇష్టం.

కొన్నేళ్ళ కిందటి మాట. విరుదునగర్‌లో మా అత్తగారి పెట్టెలో మడత విప్పని వంకాయరంగు పట్టుచీర ఒకటి మిగిలింది. కోడలిని గనక నాకు కావాలి. కూతురు గనక వదినకు కావాలి. మా గోల పడలేక అత్త తేల్చేసింది.

"చెరి సగం చించి ఇయ్యనా? రమ్మీ ఆడండి. ఎక్కువ ఆటలు గెల్చినోళ్ళు కట్టుకోండి. నేనూ కూర్చుంటా."

ఇంట్లో ఉన్న పేక అప్పడాల్లా వంకరలు పోయింది. "కొత్తది నేనే చేస్తా!" అని ప్రకటించాను. కోవిల్‌పట్టి కాలేజీలో గణితం చదివినదాన్ని, యాభైరెండు ముక్కలు నాకో లెక్కా?

మా ఆయన శివకాశిలో క్యాలెండర్లు అచ్చువేసే చోట పని చేస్తారు. "అంగట్లో సీట్టు కట్టు ఉండాదే, నీకేమిటికి ఈ పని?" అన్నారు.

"అంగట్లో ఇడ్లీ కూడా ఉండాదే, పొద్దున్నే నన్నేమిటికి లేపుతారు?"

ఆయన పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఫోన్లో ఒక పిల్ల పేక చేసి చూపించే వీడియో చూశాను. చివర్లో ముక్కల వెనకవైపు గురించి ఆ పిల్ల ఏదో చెప్పబోతుండగా, తెలిసిందిలే అని ఆపేశాను. (ఇక్కడ మీరు తల పట్టుకోవచ్చు.) ఆయన తెచ్చి పడేసిన పెద్ద క్యాలెండర్లు రెండు తీశాను. ఒకటి మురుగన్, ఒకటి లక్ష్మి. అట్టలాంటి కాగితం, వెనక తెల్లగా, ముందు నున్నగా. అవే బొమ్మలు పూజగదిలోనూ వేలాడుతున్నాయి. కానీ నాకూ పూజగదికీ అంత రాకపోకల్లేవు.

స్కేలు పెట్టి కోశాను. కుంకుమ డబ్బా మూత ఆనించి మూలలు గుండ్రంగా కత్తిరించాను. తెల్లవైపు బొమ్మలు వేశాను. రాజులకు మా ఆయన మీసం. నలుగురు రాణులకూ నా మొహం. వాళ్ళకు వంకాయరంగు చీర కూడా కట్టేశాను, ముందుగానే.

మొదటి ఆట నాదే. "చీర ఇస్త్రీ చెయ్యనా?" అని వదినను అడిగాను కూడా. ఆ తరవాత వరసగా ఓడాను. వదిన నా మీద ఎన్నడూ లేని ప్రేమ ఒలకబోసింది.

"ఏమే రాజీ, ముక్కలు ఇంకొంచెం పైకెత్తి పట్టుకో. ఒంగితే మెడ నొప్పి పుడతాది."

పైకెత్తాను. అత్త నా చేతికేసి కన్నార్పకుండా చూసి, "మురుగా!" అని చెంపలు వేసుకుంది. నా ఆట చూసి ఈవిడకు కూడా భక్తి పుట్టిందనుకున్నాను.

నేను ఒక్క ముక్క కోసం ఎదురుచూస్తుంటే, వాళ్ళిద్దరూ ప్రాణం పోయినా ఆ ముక్క కింద పడేసేవాళ్ళు కాదు. సంభావ్యత సూత్రం ప్రకారం తరవాతి ఆట నాదేనని ప్రతిసారీ లెక్కగట్టాను. సూత్రం వదిన పక్షాన చేరిపోయింది. ఆఖరి ఆట కూడా ఆమె "షో!" అని పరిచేసరికి నాకు ఒళ్ళు మండింది.

"వదినా, నువ్వు నా ముక్కలు చూస్తున్నావు!"

"నేనేమిటికి చూస్తా? నువ్వే చూపిస్తా ఉండావు. నీ చేతిలో ఇస్పేటు రాజు ఉండాడు. మురుగన్ మోకాలు."

అత్త తల కూడా తిప్పకుండా సరిదిద్దింది: "మోకాలు రాజు కాదమ్మే, రాణి. రాజు మోచెయ్యి."

ముక్కలు తిప్పి, మొదటిసారి వెనకవైపు చూశాను. మోకాలు. ముందువైపు, వంకాయరంగు చీరలో, నేను.

"అత్తా, మీకూ తెలుసా?"

"రెండు పూటలా దీపం పెట్టి చూసే సామి, నాకి తెలీదా? ఏ ముక్క వెనక ఏముండాదో మొదటి ఆటలోనే చూసుకుంటిమి."

"మరి చెప్పలేదేం?"

"చదివిన పిల్లవి. తెలిసే చేసినావనుకుంటిమి. గెలవలేకున్నావే, పాపం అనుకుంటిమి."

వదిన అప్పటికే చీర మడత విప్పి భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడింది. బాగుంది కూడా, అదే నా కడుపుమంట.

మర్నాడు పొద్దున నేలమీద ముక్కలన్నీ పేర్చి మురుగన్ను మళ్ళీ నిలబెట్టాను. ఎడమ చెవి దొరకలేదు. ఉన్న కుడి చెవిలోనే ప్రమాణం చేశాను: స్వామీ, ఈ జన్మలో పేక చెయ్యను, చేసినా దానికి రెండో వైపు ఉంటుందని మరవను, వీడియో ఏదైనా సరే చివరిదాకా చూస్తాను.

ప్రమాణం అయింది. ఇక పెళ్ళిళ్ళలో నా పేరు చెప్పుకుని రెండో అప్పడం అడిగి వేయించుకునే వదినకు ఒకే ప్రశ్న. గుర్తుల పేకతో మోసం చేసింది నేనైతే, చీర నీ బీరువాలో ఏం చేస్తోంది?