రెండేళ్ళు రావాలని కొన్న స్కీలు

నేను వడ్రంగం నేర్చుకున్నది తలుపులు, మంచాలు చేయడానికి. మంచు మీద జారడానికి కాళ్ళకు బిగించుకునే స్కీలనే వస్తువొకటి లోకంలో ఉందని నాకు ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా తెలియదు. తెలిసింది కూడా ఎక్కడ? దోహాలో. మిట్టమధ్యాహ్నం బయట నిలబడితే చెప్పుల అడుగులు మెత్తబడే ఊళ్ళో.

అవి చమురు, గ్యాసు డబ్బు ఎటు చూసినా కనిపిస్తున్న రోజులు. లుసైల్‌లో ఇసుక మీద కొత్త నగరం లేస్తోంది. ముషైరిబ్‌లో పాత ఇళ్ళు వీధులకు వీధులు కూలుతున్నాయి. మా కఫీల్‌కు, అంటే నా వీసా ఎవరి చేతిలో ఉందో ఆ యజమానికి, బిల్డింగుల కంపెనీతో పాటు ఆటవస్తువుల దుకాణం కూడా ఒకటుండేది. అక్కడ అరలు బిగించమని నన్ను పనివాళ్ళుండే క్యాంప్ నుంచి పంపారు. ఇక్కడి కలిగినవాళ్ళు చలికాలం సెలవుల్లో మంచు దేశాలకు వెళ్ళి జారి వస్తారనీ, వాళ్ళ కోసమే ఈ స్కీలనీ విని, డబ్బు ఎక్కువైతే ఇంతే అని నవ్వుకున్నాను.

అక్కడొక ఫిలిప్పీన్స్ మనిషి స్కీల ఇనుప అంచులకు ఆకురాయితో పదును పెడుతున్నాడు. రాయి పట్టుకున్న తీరు చూడలేక సైగ చేసి లాక్కున్నాను. నాకు ఆ రోగం ఉంది. ఎవరైనా పనిముట్టును తప్పుగా పట్టుకుంటే నా చేతులు ఊరుకోవు. అతను కోపం తెచ్చుకోకుండా మేనేజర్‌ను పిలిచి నా పని చూపించాడు. నెల తిరిగేసరికి నాకు ఆ వర్క్‌షాపులోనే డ్యూటీ పడింది. స్కీకి పైన రంగులు, అడుగున ప్లాస్టిక్కు, అంచుల్లో ఇనుము ఉన్నా మధ్యలో ఉండేది చెక్కే. ఆ సంగతి తెలిశాక నాకు కొత్త అనిపించలేదు. మంచును మాత్రం ఫోటోల్లోనే చూశాను.

ఒక శుక్రవారం సాయంత్రం పద్నాలుగేళ్ళ కూతురిని వెంటబెట్టుకుని ఒకాయన వచ్చాడు. నేను ఫోన్లో మా ఆవిడతో మాట్లాడుతుంటే వింటూ నిలబడి, పెట్టేశాక అడిగాడు.

"మీది జగిత్యాల దిక్కా భాయ్? మాది కరీంనగర్."

దోహాలోనే అబూ హమూర్‌లో కాపురముంటున్న ఇంజనీరు ఆయన. ఇంట్లో దఖనీ, బయట మన తెలుగు. ఆ పిల్ల వాళ్ళ పిన్ని దుబాయ్‌లో ఉంటుంది. సెలవులకు వెళ్ళినప్పుడు అక్కడ మాల్ లోపల కట్టిన మంచు కొండ మీద స్కీయింగ్ నేర్చుకుందట. కోచ్ చూసి రేసుల క్లాసులో చేర్చుకున్నాడట, అప్పటినుంచి వారం చివరి సెలవులకు పిన్ని దగ్గరికి పోయి వస్తోందట. మా ఊళ్ళో వాళ్ళకు ఖతర్ అయినా దుబాయే, మస్కట్ అయినా దుబాయే. ఈ పిల్లది మాత్రం నిజంగా దుబాయే.

రేసంటే నాటిన కర్రలను ఒక్కటీ వదలకుండా, వాటి పక్కనుంచి అటూ ఇటూ మెలికలు తిరుగుతూ కిందికి దిగాలి. అందరికంటే తక్కువ సమయంలో దిగినవాళ్ళు గెలిచినట్టు. మొదటి రేసు రెండు నెలల్లో ఉంది. ఆ పిల్ల వచ్చీ రాగానే తన ముక్కుదాకా వచ్చే ఒక జత దగ్గర ఆగింది.

"అబ్బూ, ఇవి."

"ఇవి వచ్చేయేడు పొట్టివైతయి బేటా," అని ఆయన నా వైపు తిరిగాడు. "ఎదిగే పిల్ల భాయ్. రెండేండ్లన్న రావాలె గద."

"నిజమే సార్," అన్నాను వెంటనే.

ఎందుకంత వెంటనే అన్నానంటే, నేను పెరిగింది అలాగే. నా బడి లాగు అంచు మూడు మడతలు పెట్టి కుట్టేవారు. చెప్పుల ముందు భాగంలో గుడ్డ పేలికలు కుక్కేవారు. దోహా వచ్చాక మేమంతా ఇంకో మెట్టు ఎక్కాం. రెండేళ్ళకోసారి ఇంటికి వెళ్ళేవాళ్ళం కదా, పిల్లలు ఎంత ఎదిగారో ఎవడికి తెలుసు? బట్టల దుకాణంలో చెయ్యి గాల్లో పెట్టి "గింత ఉంటది" అంటాం. అంటూనే ఎందుకైనా మంచిదని చెయ్యి ఇంకో జానెడు పైకి లేపుతాం. మా బిడ్డకు నేను పంపిన గౌన్లన్నీ ఆ జానెడు పెద్దవే.

ఆ అలవాటుతోనే ఆ పిల్ల తల దాటి బెత్తెడు పైకి లేచే జత తీశాను. రేసు స్కీలే, మెరిసిపోతున్నాయి, మంచి గట్టివి. దగ్గర దగ్గరగా మలుపులున్న రేసుకు కొత్తగా దిగేవాళ్ళకు స్కీ గడ్డానికీ కనుబొమ్మకూ మధ్య ఉండాలని గోడ మీద బొమ్మ అంటించి ఉంది. దాన్ని అంటించింది నేనే.

"అంకుల్, ఇవి నాకన్న ఎత్తున్నయి," అంది ఆ పిల్ల మెల్లగా.

"నువ్వు ఎదుగుతవు బిడ్డా," అని నవ్వి, బూటును పట్టి ఉంచే బిగింపుల కోసం స్కీలకు రంధ్రాలు వేశాను.

నెల రోజుల తర్వాత ఆయన ఒక్కడే వచ్చాడు. స్కీలు కౌంటర్ మీద పెట్టాడు.

"ఎవరికన్న అమ్మిపెట్టు భాయ్. దానికి వస్తలేదట. ప్రతిసారి మూడో కర్ర కాడనే పడ్తున్నది. కోచ్ తనయి పాతయి ఇస్త అంటే గూడ వద్దన్నదట. నాకు చాతగాదు అబ్బూ అని ఒకటే ఏడుపు. ఇగ బంద్ అంటున్నది."

ఆయన ఎవరినీ తప్పు పట్టలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఒక స్కీని తీసి, వెనక చివర నేల మీద ఆనించి, ముందు కొస పట్టుకుని, నడుమ అరచేయి పెట్టి నొక్కాను. డెబ్బై కిలోల మనిషిని, నా బరువుకే అది కొంచెం వంగి ఆగిపోయింది. ఒంటి బరువుకు స్కీ విల్లులా వంగితేనే మలుపు తిరుగుతుంది. వంగని స్కీ నేరుగా పోతుంది, కర్ర వచ్చినా పోతుంది, ఆ పిల్లను తీసుకునే పోతుంది. ఏ చెక్క ఎంత బరువుకు వంగుతుందో పన్నెండేళ్ళ వయసు నుంచి నా చేతులకు తెలుసు. అయినా అమ్మే రోజు ఒక్కసారి నొక్కి చూడలేదు. సిగ్గుతో నా మొహం మండిపోయింది.

"తప్పు పోరిది కాదు సార్. నాది," అన్నాను. "ఇవి మొగోళ్ళకే బరువు. గీ పొల్ల ఎట్ల తిప్పుతది? పొట్టియి, మెత్తయి ఇయ్యాలె. తెలిసి తెలిసి పెద్దయి ఇచ్చిన."

ఆయన స్కీ నడుమ తానూ ఓసారి నొక్కి చూశాడు. "రెండేండ్లు రావాలె అన్నది నేను గద భాయ్."

"మీరంటే అన్నరు. దుకాణంల ఉన్నది నేను. రేపు పోరిని ఒక్కసారి తీసుకరండ్రి. ఆమె వద్దంటె ఇగ నేనేం అన."

మేనేజర్ మొదట తల అడ్డంగా ఊపాడు. రంధ్రాలు వేసిన స్కీలు వాపసు తీసుకోవడం మాఫీ అన్నాడు. కుదరదని దాని అర్థం. గోదాములో ఒక సీజను వాడి వదిలేసిన జత ఉంది. రేసులకు కొత్తగా వచ్చే పిల్లలదే. పొడవాటివి మనం ఉంచుకుని అవి ఇద్దామన్నాను. కొత్తవి తీసుకుని పాతవి ఇవ్వడం ఆయనకు నష్టమేమీ కాదు. అయినా నేను పది నిమిషాలు వెంటపడితే గానీ "యల్లా, తీసుకుపో" అనలేదు.

మర్నాడు ఆ పిల్ల వచ్చింది గానీ తల ఎత్తలేదు. తండ్రి బలవంతం మీద వచ్చినట్టు తెలిసిపోతోంది. బూట్లు విప్పించి మేజోళ్ళతో గోడకు నిలబెట్టాను. పాత జతను పక్కన పెట్టాను. సరిగ్గా ముక్కుదాకా వచ్చింది. అంటే మొదటి రోజు తను చూపించిన కొలతే.

"నువ్వే సరిగ్గ చూపెట్టినవు బిడ్డా. మేమిద్దరం పెద్దోళ్ళం కలిసి చెడగొట్టినం," అన్నాను. "నడుమ చెయ్యిపెట్టి నొక్కు."

నొక్కింది. వంగింది. పొడవాటి దాన్ని కూడా తెచ్చి నొక్కమన్నాను. రెండు చేతులూ వేసి, మునివేళ్ళ మీద లేచి నొక్కినా అది కదల్లేదు. ఆ పిల్ల రెండింటినీ మార్చి మార్చి మూడుసార్లు నొక్కింది. ఆ తర్వాత మొదటిసారి తల ఎత్తి నా మొహంలోకి చూసింది.

"అంటే, నాకు రాక కాదా?"

"ఇది పట్టుకొని నేను పోయినా మూడో కర్ర కాడనే పడ్త."

నవ్వు ఆపుకోబోయింది గానీ ఆగలేదు. అంతలోనే అనుమానం వచ్చింది. "వచ్చేయేడు ఇవి పొట్టివైతే అంకుల్?"

"వచ్చేయేడు కొత్త కొలత తీస్త. రేసైతే ఈ యేడే గద ఉన్నది."

ఆ పిల్లను తూకం వేసి, పడ్డప్పుడు కాలు మెలిపడకుండా స్కీ ఊడిపోవాలి కాబట్టి బిగింపులను ఆ బరువుకు సరిచేశాను. వారం రోజులు టీ మానేసి మరీ ఆ టైములో అంచులు పదును పెట్టాను. అడుగున మైనం కరిగించి పూసి, గీరి, మళ్ళీ పూశాను. పెళ్ళికి ఇచ్చే మంచానికి కూడా నేనంత నునుపు తీయలేదు.

రేసు రోజు నా చేతులు పని చేయలేదు. ఒకే అంచు రెండుసార్లు గీశాను. నా వల్ల ఆ పిల్ల ఇంకోసారి ఏడిస్తే ఈ వర్క్‌షాపు వదిలి మళ్ళీ తలుపుల పనికి పోతానని అనుకున్నాను. మధ్యాహ్నం ఫోన్ మోగింది. తండ్రి మాట్లాడబోతుంటే పిల్ల లాక్కున్నట్టుంది.

"అంకుల్! ఒక్క కర్ర గూడ తప్పలే! కింది దాక పడకుంట దిగిన!"

"ఎన్నో నంబరు బిడ్డా?"

"ఆఖరికెల్లి నాలుగు." చివరి నుంచి నాలుగో స్థానమైనా, అదేదో కప్పు గెలిచినట్టు చెప్పింది. "మళ్ళ రేసు ఎప్పుడో కోచ్‌ను అడిగిన."

నేను ఎంత గట్టిగా నవ్వానంటే కౌంటర్ దగ్గరున్న అరబ్బు పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. కళ్ళు తుడుచుకోవడం కూడా చూసే ఉంటాడు. ఏమనుకున్నాడో ఏమో.

ఆ వచ్చే శుక్రవారం మా బిడ్డకు బూట్లు కొందామని సూక్‌కు, అంటే బజారుకు, వెళ్ళాను. ఎంత సైజు అని దుకాణదారు అడిగాడు. అలవాటుగా రెండు అరచేతులు ఎడంగా పెట్టి, ఎందుకైనా మంచిదని వాటిని ఇంకొంచెం ఎడం చేయబోయి ఆగిపోయాను. బయటికి వచ్చి మా ఆవిడకు ఫోన్ చేశాను.

"పిల్ల కాలు కాయితం మీద పెట్టిచ్చి పెన్సిల్‌తోటి గీత గీసి పంపు. మనూరోడు లీవుల ఆడ్నే ఉన్నడు, ఆయనకియ్యి, వచ్చేటప్పుడు తెస్తడు."

"గీతలెందుకు? పెద్దయే పంపు," అంది. "నువ్వు మళ్ళ ఎప్పుడస్తవో."

"పోయినసారి తెచ్చిన బూట్లు ఏసుకుంటున్నదా?"

"అప్పుడు ఊడిపోయినయని డబ్బల పెట్టి దాసినం. మొన్న తీస్తె కాలు దూర్తలేదు."

కొత్త బూట్లు. ఒక్క రోజు కూడా వేసుకోకుండానే చిన్నవైపోయాయి. వాటికంటే ముందు పంపినవాటి సంగతి అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కాగితం వచ్చింది. చుట్టూ వంకరటింకరగా గీత. బొటనవేలి దగ్గర పిల్ల కదిలినట్టుంది, పెన్సిల్ జారింది. నా బిడ్డ పాదం అంత ఉందని నాకు అప్పుడే తెలిసింది. దాన్ని జేబులో పెట్టుకుని సూక్‌కు వెళ్ళి, బూటు లోపల కాగితం పరిచి, అతుక్కున్నట్టు సరిపోయిన జత కొని పంపాను.

అవి అందిన రోజు ఫోన్లో మా బిడ్డ గొంతుకన్నా ముందు వాకిట్లో టపటపమని అడుగుల చప్పుడు వినిపించింది. ఇంటి చుట్టూ పరుగెత్తి, రొప్పుతూ వచ్చింది.

"బాపూ, ఊడిపోతలేవే!" అంది. అంతలోనే, "మళ్ళ చిన్నగైతేనో?"

"అయితే నేనే వచ్చి కొలుస్త," అన్నాను.

అన్నాక తెలిసింది, ఏం మాటిచ్చానో. రెండేళ్ళ లెక్క ప్రకారం నా సెలవుకు ఇంకా ఎనిమిది నెలలుంది. ఫోన్ పెట్టేసి, చేతులకంటిన మైనం తుడుచుకుని, ముందుగా సెలవు అడగడానికి మేనేజర్ గదికి వెళ్ళాను.