తల్లి రొయ్యలతో విమానంలో

మొన్న మా చిన్నమ్మాయి స్నేహితురాళ్ళతో అండమాన్ వెళ్ళబోతూ, చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి పదమూడు వందల కిలోమీటర్ల పైచిలుకనీ, విమానమెక్కితే రెండు గంటలే పడుతుందనీ ఫోనులో చూసి తేలిగ్గా చెప్పేసరికి, ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు పాత భయం మెదిలి, దిగగానే ఫోను చెయ్యమని ఒకటికి రెండుసార్లు చెప్పాను.

సముద్రం ఒడ్డున మైపాడు దగ్గర మా బావ రొయ్యపిల్లల హేచరీ పెట్టిన కొత్తలో, చదువు ముగించి ఖాళీగా ఉన్న నన్ను మా అక్క ఆయన దగ్గర పనిలో పెట్టింది. గుడ్లు పెట్టే తల్లి రొయ్యలు మన సముద్రంలో సరిగా దొరక్క, అండమాన్ నుంచి విమానంలో తెచ్చేవారు. సంచి చిరగకుండా వాటి తలమీది వాడి కొమ్ముకి రబ్బరు గొట్టం తొడిగి, నీళ్ళూ ఆక్సిజనూ నింపిన సంచుల్లో వేసి, థర్మోకోల్ పెట్టెల్లో సర్దేవారు. దారిలో ఆలస్యమైతే తల్లులు చచ్చిపోతాయి, వాటితోపాటు ఆ ఏటి పంటా పోతుంది.

ఒకసారి వాటిని తేవడానికి బావ నన్నూ వెంట తీసుకెళ్ళాడు. నాకు అదే మొదటి విమానం. తిరుగు ప్రయాణంలో కిటికీలోంచి నీళ్ళు తప్ప ఇంకేమీ కనిపించక నేను బిగుసుకుపోతే, బావ నవ్వాడు.

"ఏందిరా, భయంగా ఉండాదా? కన్ను మూసి తెరిచేలోగా చెన్నై వచ్చేస్తాది."

చెన్నై దగ్గరయ్యేసరికి మబ్బులు కమ్మేశాయి. విమానం ఉన్నట్టుండి కిందికి జారింది. వెనక ఎవరో దేవుడి పేర్లన్నీ కలిపి చదువుతున్నారు. గాలివాన వల్ల దిగలేమని చెప్పి, మబ్బుల్లోనే చుట్లు తిప్పసాగారు. ఎప్పుడూ దేనికీ జంకని బావ నా మణికట్టు గట్టిగా పట్టుకుని, నా వైపు చూడకుండానే అన్నాడు.

"మీ అక్క ఒక్కతే ఉండాదిరా ఇంటికాడ."

ఆ మాటతో నాకున్న కాస్త ధైర్యమూ పోయింది.

చివరికి బెంగుళూరులో దించారు. పెట్టెల కోసం చెన్నైలో కాచుకున్న మా డ్రైవరు, విమానం దిగలేదని అక్కకి ఫోను చేశాడట. ఆ వెంటనే మా తీరంలో ఫోను లైన్లు తెగిపోయాయి. మేము ఎన్నిసార్లు ప్రయత్నించినా కలవలేదు. వాన తెరిపిచ్చాక మళ్ళీ చెన్నై చేరి, నీళ్ళు నిలిచిన రోడ్ల మీద జీపులో ఇల్లు చేరేసరికి మర్నాడు పొద్దెక్కింది.

అక్క తడిసిన చీరతో రోడ్డు మీదే నిలబడి ఉంది. బావ తలవంచుకుని పెట్టెలు దించబోతే ఆయన చొక్కా పట్టుకుని ఆపేసింది.

"రొయ్యలు పోతే పోనీ! మీరు వచ్చినారు, నాకదే చాలు" అంటూ ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని బావురుమంది.

సంచులు విప్పితే చాలామటుకు తెల్లబడి పక్కకి ఒరిగి చచ్చిపోయి ఉన్నాయి. బతికిన కొద్ది తల్లులతోనే ఆ ఏడు గడిపాం.

ఇప్పుడు బావా లేడు, అక్కా లేదు. ఎవరు ఎంత దూరం వెళ్ళినా దిగగానే ఫోనులో కబురు వస్తోంది. ఎదురుచూసేవాళ్ళకి ఆ భయం తప్పినందుకు సంతోషమే. కానీ గడపలోకి వచ్చిన మనిషిని చావు నుంచి లాక్కున్నట్టు పట్టుకుని ఏడ్చేవాళ్ళు మాత్రం, నాకు మళ్ళీ ఎక్కడా కనిపించలేదు.